చేతులు కడిగి కడిగి బీటలు వారుతున్నాయి, దారేదైనా ఉందా?

గోంగూర_రమ
విజయవాడలో చిన్న కర్రీ పాయింట్ నడుపుతున్నా. నేను, మా ఆడపడుచు, ఇంకో అమ్మాయి, ముగ్గురమే. పొద్దున్న ఐదింటికి పొయ్యి వెలిగిస్తే రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ దించడం. చికెన్ ముట్టుకుంటే చేతులు కడగాలి, డబ్బు ముట్టుకుంటే కడగాలి, చెత్తబుట్ట జరిపితే కడగాలి, పార్సిల్ కట్టేముందు మళ్ళీ కడగాలి. నిన్న లెక్కపెట్టా. మధ్యాహ్నం రెండింటికే 34 సార్లు అయింది.

మూడు నెలల నుంచి చేతులు పాడైపోయాయి. మొదట తెల్లగా పొట్టు లేచింది, అదే సర్దుకుంటుందిలే అనుకున్నా. ఇప్పుడు వేళ్ళ చివర్లు బీటలు వారాయి. చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటుంటే దారాలు ఆ పగుళ్ళకు పట్టుకుని లాగుతున్నాయి. పులిహోరకు నిమ్మకాయ పిండితే ప్రాణం జిల్లుమంటోంది. పసుపు పగుళ్ళలోకి దిగి పచ్చటి గీతల్లా ఉండిపోయింది. చిల్లర ఇచ్చేటప్పుడు ఎవరైనా చేతుల వంక చూస్తే సిగ్గేస్తోంది.

కడగడం మానలేను, మానకూడదు కూడా. నలుగురు తినే తిండి. కడుగుతూనే చేతులు బాగుపడే దారి ఉంటే చెప్పండి.

మియాపూర్_కిరణ్
సబ్బు పక్కన పెట్టి శానిటైజర్ వాడండి. మా ఆఫీసులో అందరం అదే.

నైట్‌డ్యూటీ_సిస్టర్
కిరణ్ గారూ, మీ ఆఫీసుకు అది సరే, వంటింటికి కుదరదు. స్టాఫ్ నర్సుగా 14 ఏళ్ళ నుంచి చేస్తున్నా, చెయ్యి కడగడమే మా సగం ఉద్యోగం. చేతికి మురికి కనబడనప్పుడు సబ్బు కంటే శానిటైజరే చర్మానికి మేలు, ఆ మాట నిజమే. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన ఫార్ములాలో 80 శాతం ఆల్కహాల్‌తో పాటు 1.45 శాతం గ్లిజరిన్ కలపమన్నది చర్మం ఎండిపోకూడదనే. కానీ రమ గారి చేతికి నూనె, మసాలా, పచ్చి మాంసం తడి ఉంటాయి. జిడ్డు చేతి మీద శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లాంటివి దానికి సరిగ్గా లొంగవు. పైగా పగుళ్ళ మీద పడితే భగ్గుమంటుంది. వంట దగ్గర సబ్బూ నీళ్ళే.

రమ గారూ, ముందు మీరు కడిగే పద్ధతి చెప్పండి. వేడి నీళ్ళా, చన్నీళ్ళా? సబ్బు ఏది? ఉంగరాలున్నాయా? కడిగాక దేనికి తుడుస్తారు?

గోంగూర_రమ
గిన్నెలు తోమే లిక్విడే సిస్టర్, సింక్ దగ్గర అదే ఉంటుంది. జిడ్డు తొందరగా పోతుందని వేడి నీళ్ళు పోసుకుంటాం. ఉంగరం ఒకటుంది. తుడవడం అంటే నడుముకు దోపుకున్న తువ్వాలే.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఒక్క జవాబులో నాలుగు తప్పులు దొరికాయమ్మా, అంటే బాగుపడే అవకాశం బోలెడు ఉందన్నమాట.

గిన్నెల లిక్విడ్ మాడిన మూకుడు జిడ్డు వదిలించడానికి చేసింది. అది చర్మంలో ఉండే నూనెనూ అలాగే లాగేస్తుంది. సింక్ దగ్గర చేతులకు విడిగా వాసన లేని లిక్విడ్ హ్యాండ్‌వాష్ పెట్టండి. నీళ్ళు మామూలుగా కుళాయివి చాలు, వేడి నీళ్ళతో క్రిములు ఎక్కువేమీ పోవు, చర్మమే పోతుంది. ముందు చెయ్యి తడిపి, ఆ తర్వాత సబ్బు వేయండి. పొడి చేతి మీద నేరుగా సబ్బు వేస్తే మంట ఎక్కువ. వేళ్ళ సందుల్లో సబ్బు మిగలకుండా కడిగి, మెత్తటి పొడి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. నడుముకు దోపిన తువ్వాలు అటు శుభ్రతకూ చేటే.

ఉంగరం ఇవాళే తీసి బీరువాలో పెట్టండి. దాని కింద సబ్బు, తడి ఇరుక్కుంటాయి. మా వార్డులో సగం మందికి చర్మం చెడటం మొదలైంది ఉంగరం కిందే.

కాకినాడ_పెద్దమ్మ
రమా, రాత్రి పడుకునే ముందు ఆముదం కాస్త వెచ్చజేసి వేలు వేలుకీ పట్టించమ్మా. మా అత్తగారు అంతే చేసేవారు. ఆవిడ చేతులు ఎనభై ఏళ్ళకూ తమలపాకుల్లా ఉండేవి. మా రోజుల్లో ఒంటికి సున్నిపిండి, తలకు కుంకుడుకాయ. ఈ నురగలన్నీ వచ్చాకే ఈ బాధలు.

పార్లర్_స్వప్న
నిమ్మచెక్క మీద పంచదార వేసి వారానికి రెండుసార్లు రుద్దండి. పొట్టంతా పోయి నున్నగా అవుతుంది. మా క్లయింట్లకు చేస్తాం.

స్కిన్_పీజీ
స్వప్న గారూ, దయచేసి పగిలిన చేతికి ఇది చెప్పొద్దు. నేను చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నా. ఆవిడకు నిమ్మరసం పడితేనే ప్రాణం జిల్లుమంటోందని మొదటి పోస్టులోనే రాశారు. నిమ్మరసం పులుపు, పంచదార గరుకు. రెండూ కలిస్తే ఉన్న కాస్త పొరా లేచిపోతుంది. నిమ్మరసం ఉన్న చేతికి ఎండ తగిలితే కొందరికి బొబ్బలెక్కి నల్ల మచ్చలు కూడా పడతాయి.

అసలు లోపల ఏం జరుగుతోందో చెబుతా. ఎర్రమన్ను పూసిన గోడ ఉందనుకోండి. రోజూ బిందెలతో నీళ్ళు కొడితే పూత కరిగి రాళ్ళు బయటపడతాయి. మన చర్మం పైపొరలో కణాలు ఆ రాళ్ళు, వాటి మధ్య కొవ్వు పదార్థాలు ఆ మన్ను. సబ్బు ఆ కొవ్వును కరిగిస్తుంది. చర్మం స్వతహాగా కాస్త ఆమ్లం, పీహెచ్ 5కు అటూ ఇటూ. మామూలు సబ్బు బిళ్ళ 9, 10 దగ్గర ఉంటుంది, అంటే క్షారం. కడిగిన ప్రతిసారీ చర్మం మళ్ళీ తన స్థితికి రావడానికి టైమ్ కావాలి. మధ్యాహ్నానికే 34 సార్లు కడిగితే ఆ టైమ్ ఎక్కడ దొరుకుతుంది? పూత పోయాక లోపలి తడి బయటికి, బయటి కారం, సబ్బు లోపలికి. అదే మంట.

కాబట్టి కడిగిన ప్రతిసారీ మళ్ళీ పూత వేయాలి. చెయ్యి ఇంకా కాస్త తడిగా ఉండగానే వేయాలి, ఎండాక రాస్తే సగం లాభమే. పెద్దమ్మ గారి ఆముదంతో నాకు తగాదా లేదు, కొబ్బరి నూనె ఇంకా మంచిది, అయితే పెట్రోలియం జెల్లీ అంతగా తడిని పట్టి ఉంచేది ఇంకోటి లేదు. ఖరీదూ తక్కువే.

గోంగూర_రమ
రోజంతా వాసెలిన్ రాసుకుని కూరలు ఎలా ముట్టుకోనమ్మా? గరిటె జారుతుంది, కూరలో కలుస్తుంది.

డాలస్_వాణి
పని మధ్యలో పల్చగా ఇంకిపోయే వాసన లేని క్రీమ్, పని అయ్యాక జెల్లీ. ఇక్కడ డిసెంబర్‌లో హీటర్ గాలికి నా వేళ్ళు రక్తం కారేవి, పిల్లల లంచ్ బాక్సులు తోమడం ఒకటి. నాకు పనిచేసింది రాత్రి పూటదే. చేతులు తడిపి, అద్ది, జెల్లీ దట్టంగా రాసి, కాటన్ గ్లవ్స్ వేసుకుని పడుకోవడం. గ్లవ్స్ దొరక్కపోతే ఉతికిన పాత కాటన్ సాక్సులు. మొదటి రాత్రి చిరాగ్గా ఉంటుంది, నాలుగో రోజుకు అవి లేకపోతే నిద్ర పట్టదు.

కొనేటప్పుడు పల్చటి లోషన్ సీసా కాకుండా డబ్బాలో గట్టిగా ఉండే క్రీమ్ తీసుకోండి. లోషన్‌లో నీళ్ళే ఎక్కువ.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఎంత రాయాలంటే, చూపుడు వేలు చివరి కణుపు పొడవున పిండినంత ఒక్కో చేతికి. చాలామంది శనగగింజంత తీసి రెండు చేతులకూ సరిపెట్టుకుంటారు. వేళ్ళ చివర్లు, గోళ్ళ చుట్టూ, వేళ్ళ సందులు మర్చిపోతారు. పగిలేది అక్కడే.

మెకానిక్_అన్వర్
నాది కూడా ఇదే గోస. గ్రీజు పోవడానికి పెట్రోలుతో కడిగి పైన బట్టల పౌడర్ రుద్దేవాణ్ణి. చేతులు ఇసుక కాగితంలా అయ్యాయి. పాపను ఎత్తుకుంటే గీరుకుంటోందని ఏడ్చింది. ఆ రోజు నుంచి పెట్రోలు మానేశా. ఇప్పుడు ముందు వంటనూనె రెండు చెంచాలు పోసి బాగా రుద్దుతా, గ్రీజు కరిగి నల్లగా ఊడొస్తుంది. పాత గుడ్డతో తుడిచి ఆ తర్వాత కొంచెం సబ్బు. కొంచెం టైమ్ పడుతుంది, అంతే.

స్కిన్_పీజీ
అన్వర్ అన్నా, చాలా మంచి పద్ధతి. జిడ్డును జిడ్డుతోనే తీయాలి. పెట్రోలు, కిరోసిన్ జోలికి ఎవరూ పోవద్దు.

రెండునెలల_అమ్మ
మధ్యలో నాదొక ప్రశ్న. పాలసీసాలు, లంగోటీలు, రోజంతా కడగడమే. క్రీమ్ రాసిన చేతులతో బాబును ముట్టుకోవచ్చా? మా అమ్మ వద్దంటోంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
వాసన, రంగు లేనిదైతే భయం లేదు తల్లీ. రాసి ఐదు నిమిషాలు ఇంకనివ్వు. బాబు చప్పరించకుండా చూసుకో. సీసాలు కడిగేటప్పుడు గ్లవ్స్ వేసుకో. లంగోటీలు ఇంకెవరైనా ఉతికితే ఇంకా మేలు, బాబు ఒక్కడి పనే నీకు చాలు.

మియాపూర్_కిరణ్
శానిటైజర్ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంకో విషయం, నీళ్ళు కూడా చూడండి రమ గారూ. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు. సబ్బు నురగే రాదు, రావట్లేదని ఇంకా వేస్తాం, ఎంత కడిగినా చేతి మీద జిగటగా మిగులుతుంది. మంజీరా నీళ్ళు వచ్చిన రోజు తేడా స్పష్టంగా తెలుస్తుంది. మా ఆవిడ చేతులు కడగడానికని ఆ నీళ్ళు ఒక డ్రమ్ము పట్టి ఉంచుతుంది.

గోంగూర_రమ
షాపులో కూడా బోరే. మున్సిపల్ కుళాయి పొద్దున్న కాసేపు వస్తుంది, పట్టి ఉంచుతా.

సిస్టర్, మీరు చెప్పాక ఇవాళ చేతులు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నా. కుడి చెయ్యి మామూలుగా పొడిబారింది అంతే. ఘోరంగా ఉన్నది ఎడమ చెయ్యి. అందులోనూ బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు. ఆ మూడింటి చివర్లే చీలి, దళసరిగా అట్టకట్టినట్టు ఉన్నాయి. ఉంగరం వేలు, చిటికెన వేలు బాగానే ఉన్నాయి. కడిగేది రెండు చేతులూ కదా, ఇదెందుకిలా?

పెళ్ళివంట_బాబాయ్
ఎడమ చెయ్యి మూడు వేళ్ళేనా? వెల్లుల్లి ఎవరు ఒలుస్తున్నారమ్మా మీ షాపులో?

గోంగూర_రమ
నేనే బాబాయ్. రోజూ కిలోన్నర. సాయంత్రం కూర్చుని ఒలిచి పెట్టుకుంటా. ఎందుకు?

పెళ్ళివంట_బాబాయ్
రెబ్బ ఏ చేత్తో పట్టుకుంటావు? ఎడమ చేత్తోనే కదా. కత్తి కుడి చేతిలో. ముప్ఫై ఏళ్ళ నుంచి పెళ్ళిళ్ళకు వండుతున్నా. మా దగ్గర ఒక కుర్రాడికి అచ్చం ఇదే. వాడు వెల్లుల్లి, అల్లం సెక్షను. ఎన్ని క్రీములు రాసినా తగ్గలేదు. శ్రావణం పెళ్ళిళ్ళయ్యాక నెల రోజులు ఖాళీగా ఉంటే చెయ్యి అద్దంలా అయ్యింది. మళ్ళీ పనిలోకి రాగానే పది రోజుల్లో మొదలు. అప్పుడు తెలిసింది. వాణ్ణి అన్నం దించే పనికి మార్చా, ఇప్పుడు హాయిగా ఉన్నాడు.

స్కిన్_పీజీ
బాబాయ్ గారూ, మీరు చెప్పింది మా పుస్తకాల్లో ఉన్న విషయమే. వంట చేసేవాళ్ళలో, రెబ్బ పట్టుకునే చేతి బొటన, చూపుడు, మధ్య వేళ్ళ చివర్లు ఇలా చీలితే వెల్లుల్లి ఎలర్జీని అనుమానించాలి. అందులో డయాలిల్ డైసల్ఫైడ్ అనే పదార్థం ఉంటుంది, దాని పనే ఇది. మామూలు గ్లవ్స్‌లోంచి కూడా అది లోపలికి దిగుతుంది, కాబట్టి గ్లవ్స్ వేసుకుని ఒలుస్తానంటే సరిపోదు.

అయితే ఆన్‌లైన్‌లో చూసి తేల్చే విషయం కాదు ఇది. రమ గారికి రెండూ కలిసి ఉండొచ్చు, కడగడం వల్ల పొర పోయి, ఆ సందులోంచి వెల్లుల్లి దూరడం. చర్మానికి ఏది పడదో తేల్చే ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అతికించి 48 గంటలు ఉంచుతారు, తీశాక ఒకసారి, ఇంకో ఒకటి రెండు రోజులకు మరోసారి చూస్తారు. సూదులేం ఉండవు. చివరిసారి చూసేదాకా వీపు తడపకూడదు, అంతే.

కాకినాడ_పెద్దమ్మ
అరవై ఏళ్ళ నుంచి వెల్లుల్లి ఒలుస్తున్నా నాయనా, ఆవకాయ రోజుల్లో శేర్లకు శేర్లు. నాకెప్పుడూ ఏమీ కాలేదే!

స్కిన్_పీజీ
అందరికీ రాదు పెద్దమ్మా. వచ్చేవాళ్ళకు కూడా ఏళ్ళ తరబడి ముట్టుకున్నాక ఒక రోజు మొదలవుతుంది. "ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు వస్తుంది" అనుకునే చాలామంది మోసపోతారు.

మందులషాపు_శ్రీను
ఒక మాట అడ్డం వేస్తున్నా, ఇది ముఖ్యం. రమ అక్కా, డాక్టర్ దగ్గరికి వెళ్ళేలోపు ఎవరో చెప్పారని ట్యూబులు కొనొద్దు. రోజూ నా కౌంటర్ దగ్గరికి వచ్చి "ఆ దురద ట్యూబు ఇవ్వు, రెండ్రోజుల్లో పోతుంది" అంటారు. అందులో ఉండేది గట్టి స్టెరాయిడ్. నిజంగానే రెండ్రోజుల్లో తగ్గుతుంది, ఆపగానే రెట్టింపై వస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పల్చబడుతుంది. అడుగున తామర లాంటి ఫంగస్ ఉంటే అది కనబడకుండా పాకిపోతుంది. డాక్టరు రాసి, ఇన్ని రోజులని చెబితే అది మంచి మందు, భయపడక్కర్లేదు. చీటీ లేకుండా మాత్రం వద్దు. నేను ఇవ్వను, బేరం పోయినా సరే.

నైట్‌డ్యూటీ_సిస్టర్
శ్రీను తమ్ముడూ, నీలాంటి వాళ్ళు పదిమంది ఉంటే మా ఓపీ సగం ఖాళీ అవుతుంది.

రమ గారూ, పగులులోంచి రసి, చీము కారితే మాత్రం వండిన కూరను ఆ చేత్తో ముట్టుకోవద్దు. చీము పుండ్లలో ఉండే స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా కూరలో పడితే విషం తయారు చేస్తుంది, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. నీళ్ళు దిగని పట్టీ వేసి పైన గ్లవ్ వేయాలి. పట్టీ నీలం రంగుది దొరికితే మంచిది. ఆ రంగు కూర ఏదీ ఉండదు కాబట్టి, ఊడి పడితే వెంటనే కనబడుతుంది.

గ్లవ్స్ గురించి కూడా. గిన్నెలు తోమడానికి దళసరి రబ్బరువి, లోపల పల్చటి కాటన్‌వి. పావుగంట, ఇరవై నిమిషాలకు ఒకసారి తీసి చేతులు ఆరనివ్వండి, లోపల చెమట పడితే అదీ నానబెట్టినట్టే. పొయ్యి దగ్గర మాత్రం ప్లాస్టిక్ గ్లవ్స్ వద్దు, మంటకు కరిగి అతుక్కుంటాయి.

స్కిన్_పీజీ
గ్లవ్స్ అంటే గుర్తొచ్చింది. ఆపరేషన్ థియేటర్లోకి రబ్బరు గ్లవ్స్ రావడానికి కారణం కూడా ఒక నర్సు చేతుల మంటే. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సు. అప్పట్లో చేతులు ముంచుకోవడానికి పాదరసం కలిసిన మందునీళ్ళు వాడేవారు. ఆవిడ చేతులు పూర్తిగా చెడిపోయాయి. 1889-90 చలికాలంలో సర్జన్ హాల్‌స్టెడ్ ఆవిడ కోసం గుడ్ఇయర్ కంపెనీతో పల్చటి రబ్బరు గ్లవ్స్ చేయించాడు. రోగికి క్రిములు సోకకుండా అవి పనికొస్తాయని అందరికీ తెలిసింది తర్వాతే. 1890లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు కూడా.

రెండునెలల_అమ్మ
మా ఆయనకు ఈ పోస్టు చదివి వినిపించా. సాయంత్రం రబ్బరు గ్లవ్స్ జత తెచ్చాడు, లంగోటీలు తనే ఉతుకుతానన్నాడు.

నిశ్శబ్దం_27
ఇక్కడ అడగొచ్చో లేదో తెలియదు. నాది పని వల్ల కాదు. తలుపు గడియ ముట్టుకున్నా కడుగుతా, కడిగింది సరిగ్గా కడిగానా అని మళ్ళీ కడుగుతా. రోజుకు అరవై దాటుతుంది. చేతులు పగిలి రక్తం వస్తున్నా ఆగలేను. ఇంట్లో చాదస్తం అంటారు. క్రీమ్ రాస్తే అది కూడా మురికే అనిపించి కడిగేస్తా.

నైట్‌డ్యూటీ_సిస్టర్
అడిగి చాలా మంచి పని చేశావు. ఇది చాదస్తం కాదు, మొండితనం కాదు. ఆగకుండా వచ్చే ఆ అనుమానానికి వైద్యం ఉంది, మాటలతో చేసేదీ ఉంది, మందులూ ఉన్నాయి, తగ్గుతుంది. చర్మం డాక్టర్‌తో పాటు మానసిక వైద్యులను కలువు. ఒక్కసారే వెళ్ళడం కష్టమనిపిస్తే టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యి. ప్రభుత్వానిదే, డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో వాళ్ళకు ఈ పోస్టు చూపించు.

నిశ్శబ్దం_27
చేస్తాను అక్కా.

కాకినాడ_పెద్దమ్మ
చెయ్యి నాన్నా. చేశాక ఇక్కడ ఒక ముక్క రాయి, నేను చూస్తుంటా.

గోంగూర_రమ
ఆరు వారాలైంది, చెప్పకుండా ఉండలేక వచ్చా.

ప్యాచ్ టెస్ట్ చేయించా. పట్టీలు తీస్తే వెల్లుల్లి పెట్టిన చోట ఎర్రగా దద్దురు, చిన్న చిన్న పొక్కులు. మిగతావి చాలావరకు ఖాళీ. డాక్టరమ్మ ఒక ఆయింట్‌మెంట్ రాసి రెండు వారాల తర్వాత ఆపేయమంది, ఆపేశా. పచ్చి వెల్లుల్లి ముట్టుకోవద్దంది. ఇప్పుడు మా ఆడపడుచు ఒలుస్తోంది. తనకూ నా గతి పట్టకూడదని రోజూ ఒకరే కాకుండా ఆ అమ్మాయితో మార్చి మార్చి చేయిస్తున్నా. పేస్టు నేను చెంచాతోనే తీస్తా.

సింక్ దగ్గర గిన్నెల లిక్విడ్ ఎడమ పక్క, చేతులది కుడి పక్క. గోడకు మేకు కొట్టి క్రీమ్ ట్యూబు దారంతో వేలాడదీశా, చెయ్యి అద్దుకోగానే అదే కళ్ళ ముందు ఉంటుంది. రాత్రి జెల్లీ రాసి కాటన్ గ్లవ్స్. కడగడం ఏమీ తగ్గించలేదు, నిన్న లెక్కపెడితే 41.

బొటనవేలు, చూపుడు వేలు మూసుకున్నాయి. మధ్య వేలు చివర ఒక గీత మిగిలింది. ఇవాళ పులిహోరకు పదహారు నిమ్మకాయలు నేనే పిండా. ఆ ఒక్క వేలు కాస్త చురుక్కుమంది, అంతే. బాబాయ్, ఆ ఒక్క ప్రశ్న మీరు అడక్కపోతే నేను ఇంకా సబ్బులు మారుస్తూనే ఉండేదాన్ని.

పెళ్ళివంట_బాబాయ్
సంతోషం తల్లీ. ఆ మధ్య వేలు మూసుకునేదాకా గ్లవ్స్ మానకు. వచ్చే నెల బెజవాడలో ఒక పెళ్ళి వంట ఉంది, మా కుర్రాణ్ణి తీసుకొస్తా. వాడి చెయ్యీ నీ చెయ్యీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

స్కిన్_పీజీ
ఫోటో ఇక్కడ కూడా పెట్టండి.

నిశ్శబ్దం_27
పెద్దమ్మా, ఫోన్ చేశాను. గురువారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా, నాన్న తోడు వస్తానన్నారు.